మువ్వన్నెల జెండా: రాట్నము నుండి ధర్మచక్రము వరకు

జనవరి 26వ తేదీ ఉదయమున ఢిల్లీ నుండి వచ్చు ఉత్సవ వ్యాఖ్యానమును రేడియోలో విను వారందరికిని ఒక అనుభవము కలుగుచుండును. పతాకము విచ్చుకొన్నదని వ్యాఖ్యాత చెప్పుటయే తడవు, ఇంటిలో కూర్చున్న శ్రోతకు అది కన్నుల యెదుట నిలుచును. పైన కాషాయము, నడుమ తెలుపు, క్రింద ఆకుపచ్చ, ఆ తెలుపు నడుమ నీలిరంగు చక్రము. ఎవ్వరును వర్ణింప నక్కరలేదు. ఇంతగా మనస్సున నాటుకొన్న రూపము గనుక, అది మొదటినుండియు ఇట్లే యుండెనని మనలో పలువురు తలతురు. కాని 1906వ సంవత్సరము మొదలు 1947 వరకు, నలువది యొక్క ఏండ్లలో, ఆ రూపము కనీసము ఐదు మారులు మారినది. ఆ మార్పులలో కొన్ని కంటికి సంబంధించినవి. కొన్ని మనస్సునకు సంబంధించినవి. ఒకటి రెండు మాత్రము పెద్దల నడుమ గట్టి అభిప్రాయ భేదములకు కూడ కారణమైనవి.

జెండా యనునది గోడకు వ్రేలాడదీయు పటము వంటిది కాదు. దానిని దూరము నుండి చూతురు. గాలికి అది ముడుచుకొనుచు, విచ్చుకొనుచు ఉండును. అన్నిటికంటె ముఖ్యముగా, దానికి రెండు ముఖములు కలవు. ఒక ప్రక్క కుడిగా కనిపించునది రెండవ ప్రక్క ఎడమగా కనిపించును. జెండాపై అక్షరములు వ్రాసినచో ఆవలి ప్రక్క నున్నవానికి అవి అద్దములోని అక్షరములవలె తిరుగబడి కనిపించును. అందుచేతనే కాలము గడిచిన కొలది జెండాలపై వ్రాతలును, బొమ్మలును తగ్గి, రంగులును, సులభమైన ఆకృతులును మిగులుట సామాన్యముగా జరుగుచుండును. అమెరికా సంయుక్త రాష్ట్రముల జెండా మాత్రము పెరుగుచు వచ్చినది. 1777లో 13 నక్షత్రములు, 13 చారలతో పుట్టి, 1795లో రెండును 15 అయినవి. రాష్ట్రములు చేరిన కొలది చారలు కూడ పెంచిన యెడల అది జెండాగా కాక చారల దుప్పటిగా మారుననుకొనిరి కాబోలు, 1818లో చారలను మరల 13కు దించి, నక్షత్రములను మాత్రమే పెంచుచు పోయిరి. 1960 జూలై 4 నుండి అవి 50. మన జెండా కథ ఇందుకు విలోమము. అది ఒక్కొక్కటిగా వదలుకొనుచు వచ్చినది.

వంగ విభజన వ్యతిరేకోద్యమపు రోజులలో, 1906 ఆగస్టు 7వ తేదీన, కలకత్తాలోని పార్శీ బగాన్ చౌకులో ఎగురవేసిన జెండాను తొలి జాతీయ పతాకములలో ఒకటిగా చెప్పుదురు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల పట్టెలు మూడు, ఎనిమిది కమలములు, సూర్యుడు, నెలవంక, నడుమ దేవనాగరి లిపిలో 'వందే మాతరమ్'. కమలములు ఎనిమిది నాటి బ్రిటిషు ఇండియా రాష్ట్రములకు గుర్తులని చెప్పుదురు. ఒక జెండాపై ఇన్ని యుంచుట ఎందులకని నేడు మనకు తోచవచ్చును. నాటివారు చెప్పదలచుకొన్నది అంత యుండెను. చెప్పుటకు వారికి దొరికిన స్థలము మూర బట్ట మాత్రమే. మరుసటి సంవత్సరము, 1907 ఆగస్టులో, జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో మేడం భికాజీ కామా ఎత్తిన పతాకము దాదాపు దీని పోలికయే. పరదేశపు సభలో భారతదేశపు పేర ఒక జెండా ఎగురుట అదియే మొదలు.

1917లో అనీబిసెంటు, తిలకు గారల హోంరూలు ఉద్యమము మరియొక పతాకమును తెచ్చినది. ఐదు ఎరుపు పట్టెలు, నాలుగు ఆకుపచ్చ పట్టెలు ఒకదాని తరువాత నొకటి. వానిపై సప్తర్షి మండలపు ఏడు నక్షత్రములు. ఒక మూల నెలవంకయు నక్షత్రమును. కొయ్య ప్రక్కనున్న పై మూలలో మాత్రము యూనియన్ జాక్. సామ్రాజ్యములో నుండియే స్వపరిపాలనము పొందవలెనను నాటి కోరికకు అది సరియైన చిత్రమే. అయితే ఆ మూలనున్న చిన్న గుర్తు వలననే ఆ జెండా జనుల మనస్సున నిలువలేకపోయినది.

ఇచ్చట కథ ఆంధ్రదేశమునకు వచ్చును. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876లో జన్మించిన పింగళి వెంకయ్య గారు బోయరు యుద్ధ కాలమున సైన్యములో చేరి దక్షిణాఫ్రికాకు పోయి, అచ్చట గాంధీజీని కలిసికొన్న వారు. జపాను భాష నేర్చినందున 'జపాన్ వెంకయ్య' యనియు, పత్తి వంగడములపై పరిశోధనలు చేసినందున 'పత్తి వెంకయ్య' యనియు వారికి పేర్లు కలిగినవి. అట్టి వారికి బందరు జాతీయ కళాశాలలో నుండగా పట్టుకొన్న పట్టుదల జెండా. ప్రపంచ దేశముల పతాకములను పరిశీలించి, భారతదేశమునకు తగిన నమూనాలు 30 వరకు చేర్చి, 1916లో ఇంగ్లీషున ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. దానిని చేతబట్టుకొని ఏటేట కాంగ్రెసు మహాసభలకు పోయి, కనిపించిన పెద్దలకెల్ల వివరించుచుండిరి. వెంకయ్య గారి ఉత్సాహమును మెచ్చుకొనుచునే, ఆ నమూనాలలో దేశమును కదిలింపగలది తనకు కనిపింపలేదని గాంధీజీ తరువాత నిష్కపటముగా వ్రాసిరి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నములు: ఇది ఆ సమావేశము దేశమునకిచ్చిన కార్యక్రమము. రాట్నము ఊరూరికి పోవలసియున్న ఆ సమయమున అది జెండాపైకి ఎక్కుటలో ఆశ్చర్యము లేదు. జెండాపై రాట్నముండవలెనని అంతకు ముందే సూచించినవారు జలంధరుకు చెందిన లాలా హంసరాజు. ఆ సూచన గాంధీజీకి నచ్చినది. బెజవాడలో వెంకయ్య గారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నముండునట్లు ఒక నమూనా కావలెననిరి. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముసల్మానులకు గుర్తు. వెంకయ్య గారు మూడు గంటలలో దానిని సిద్ధపరచిరి.

ఆ తరువాత జరిగినది మనలో పలువురు తప్పుగా చెప్పుకొనుచున్నారు. బెజవాడ సభ ఆ జెండాను ఆమోదించినదని పాఠ్య పుస్తకములలో సైతము కనిపించును. గాంధీజీ ఆ ఏప్రిల్ నెలలోనే తమ 'యంగ్ ఇండియా' పత్రికలో వ్రాసినదానిని బట్టి చూడగా, నమూనా చేతికి అందుసరికి సంఘము ముందుంచుటకు కొంచెము ఆలస్యమైనది. ఆలస్యమగుటయే మేలైనదని కూడ వారు వ్రాసిరి. ఏలనన, ఆ వ్యవధిలో ఆలోచింపగా, రెండు రంగులలో మిగిలిన మతములవారికి చోటు లేదని వారికి తోచినది. అందుచేత తెలుపును చేర్చిరి. వరుస కూడ వారే నిర్ణయించిరి: సంఖ్యలో తక్కువైన వారిది గనుక తెలుపు పైన, దాని క్రింద ఆకుపచ్చ, అన్నిటికిని అడుగున ఎరుపు. బలమైనవారు బలహీనులకు అండగా నుండవలెనని దాని భావము. మూడు పట్టెలును సమానము. మూడింటిని కలుపుచు పైనంతట పెద్ద రాట్నము. ఆ సంవత్సరాంతమున అహమ్మదాబాదు కాంగ్రెసులో ఈ జెండా ఎగిరినది. ఒక రంగు ఎక్కడ నుండవలెనను చిన్న విషయములో నింత రాజనీతి యిమిడియుండుట గమనింపదగినది.

ఈ జెండాకు కాంగ్రెసు తీర్మానపు ముద్ర లేకపోయినను ప్రజల ముద్ర పడినది. 1923లో నాగపూరునందు జెండా ఊరేగింపులను ప్రభుత్వము అడ్డగింపగా సత్యాగ్రహము సాగి, దేశపు నలుమూలల నుండి వచ్చిన వాలంటీర్లు వందలకొలది జైళ్లకు పోయిరి. 1929 డిసెంబరు 31 అర్ధరాత్రమున లాహోరులో రావీ నదీ తీరమున నెహ్రూ గారు ఎగురవేసినది మువ్వన్నెల పతాకమే.

కాని రంగునకు మతము నంటగట్టినచో చిక్కు తప్పదు. మూడు రంగులు మూడు వర్గములవైనప్పుడు నాలుగవ వారు మా రంగేదియని అడుగుదురు గదా! సిక్కులు తమ వర్ణమునకు కూడ చోటు కావలెనని గట్టిగా కోరిరి. వారి కోరికలో అన్యాయమేమియు లేదు. లోపము గుర్తునకు మనము చెప్పిన అర్థములో నున్నది. 1931 ఏప్రిల్‌లో కరాచీలో కాంగ్రెసు కార్యవర్గము ఈ ప్రశ్నను తేల్చుటకై ఏడుగురితో ఒక ఉపసంఘమును నియమించినది. వల్లభభాయి పటేలు, అబుల్ కలాం ఆజాదు, మాస్టర్ తారాసింగు, జవాహర్‌లాల్ నెహ్రూ, కాకా కాలేల్కరు, డాక్టర్ హర్డీకరు అందలి సభ్యులు. కార్యభారము వహించినవారు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. వెంకయ్య గారు బోధించిన బందరు పట్టణమే పట్టాభి గారి నివాసము కూడ. జెండా విషయములో బందరునకు ఏదో ఋణానుబంధము కలదేమో!

ఉపసంఘము రాష్ట్ర కాంగ్రెసు సంఘముల అభిప్రాయములను తెప్పించుకొని, ఒక సాహసమైన సలహా నిచ్చినది. మూడు రంగులుండుట వలననే గదా ఏ రంగు ఎవరిదను ప్రశ్న పుట్టుచున్నది! కావున జెండా అంతయు ఒకే రంగుగా, కేసరి వర్ణముగా నుండవలెను. కొయ్య వైపున పై భాగమున అరుణ కపిల వర్ణపు రాట్నముండవలెను. తర్కమున కిది చక్కగా నున్నది. ప్రపంచములో మరి యే దేశపు జెండాతోను పోలిక రాదు. అయినను, పది సంవత్సరములుగా లాఠీ దెబ్బలు తినుచు ప్రజలు పట్టుకొన్నది మువ్వన్నెల జెండా. దానిని చేతినుండి తీసి వేరొక దానినిచ్చుట తర్కముతో జరుగు పని కాదు. ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఈ సలహాను కాదన్నది. ఉపసంఘము లేవనెత్తిన ప్రశ్నకు మాత్రము సమాధానము చెప్పినది. రంగులు మూడును ఉండును, ఎరుపునకు బదులు కాషాయము, అదియు పైన, నడుమ తెలుపు, క్రింద ఆకుపచ్చ, తెల్ల పట్టె నడుమ నీలపు రాట్నము. వర్ణములకు మతములతో సంబంధము లేదు. కాషాయము ధైర్య త్యాగములకును, తెలుపు శాంతి సత్యములకును, ఆకుపచ్చ విశ్వాస శౌర్యములకును, రాట్నము సామాన్య జనుల ఆశకును గుర్తులు. ఆగస్టు 30వ తేదీని పతాక దినముగా దేశమంతట జరిపిరి.

బట్టపై మార్పు చూచినచో స్వల్పమే. కాని నా దృష్టిలో మన పతాక చరిత్రలో అన్నిటికంటె పెద్ద మార్పు ఈ 1931 తీర్మానమే. అంతవరకు ఆ జెండా దేశములోని వర్గముల పట్టికగా నుండెను. ఆనాటి నుండి ఎవ్వడును ఇది నా రంగు, అది నీ రంగు అని పంచుకొనుటకు వీలులేని జెండా అయినది. నేటికిని సభలలో కొందరు వక్తలు పాత అర్థమునే చెప్పుచుందురు. అది 1931లోనే రద్దయినదని వారికి మెల్లగా గుర్తు చేయవలెను.

ఇక 1947. స్వతంత్ర రాజ్యమునకు ఒక పక్షపు జెండా పనికివచ్చునా యను ప్రశ్న వచ్చెను. జూన్ 23వ తేదీన డాక్టర్ రాజేంద్రప్రసాదు గారి అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడెను. ఆజాదు, రాజగోపాలాచారి, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేద్కరు మొదలగు వారు అందు సభ్యులు. కాంగ్రెసు పతాకమునే తగిన మార్పులతో గైకొనవలెనని వారు నిర్ణయించిరి. మార్పు ఒక్కటే: రాట్నమునకు బదులు సారనాథమునందలి అశోక స్తంభ శిఖరము నుండి తీసిన 24 ఆకుల చక్రము.

జూలై 22వ తేదీన రాజ్యాంగ పరిషత్తులో తీర్మానమును ప్రతిపాదించుచు నెహ్రూ గారు చెప్పిన కారణములలో ఒకటి మనము మొదట ననుకొన్నదే. జెండా గుర్తు రెండు ప్రక్కలను ఒకే తీరుగా కనిపింపవలెను. రాట్నమునకు ఒక కొసను చక్రము, మరియొక కొసను కదురు. ఈ ప్రక్క చక్రము ఎడమ నున్నచో ఆ ప్రక్క కుడికి పోవును. కావున రాట్నములోని కదురును, త్రాటిని విడిచి చక్రమును నిలుపుకొన్నాము. రాట్నమును విడువలేదు, దాని ముఖ్య భాగమును ఉంచుకొన్నాము అని వారి వాదము. అశోకుని పేరుతో ముడిపడుట వలన ఆ చక్రమునకు రెండువేల యేండ్ల ప్రాచీనత కూడ సంక్రమించినది. అదే సభలో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఈ గుర్తులకు తమ వ్యాఖ్యానము చెప్పిరి: కాషాయము పాలకులకుండవలసిన నిస్సంగత్వము, తెలుపు సత్యమార్గమును చూపు వెలుగు, ఆకుపచ్చ మనకును నేలకును గల సంబంధము, చక్రము ధర్మము, అది తిరుగునది గనుక చలనము కూడ. చివరకు సరోజినీ దేవి ప్రసంగింపగా సభ్యులందరును లేచి నిలిచి తీర్మానమును ఆమోదించిరి.

అందరి మనస్సులును తృప్తి నొందినవనుకొనరాదు. రాట్నము నెత్తినవాడే నొచ్చుకొనెను. భారత పతాకముపై రాట్నము లేనిచో తాను దానికి నమస్కరింపజాలనని గాంధీజీ ఆ రోజులలోనే స్పష్టముగా చెప్పిరి. వారికి రాట్నము అలంకారము కాదు, బొమ్మ కాదు. పేదవాని చేతి పని. దానిని రెండు ప్రక్కల సమానముగా కనిపించుటకై తీసివేయుట వారికెట్లు రుచించును? అయితే 'హరిజన్' పత్రికలో వ్రాయుచు, ఆ చక్రమును చూచి రాట్నమును తలచుకొనవచ్చుననియు, సామ్రాజ్యమును గెలిచి తుదకు అధికార వైభవమును విడిచిన అశోకుని తలచుకొనుటయు తగుననియు కొంత సమాధాన పడిరి. గుర్తు మారినను దాని భారము మారకుండుటయే వారు కోరినది. చిత్రకళ దృష్టితో చూచిన నెహ్రూ గారి మాట సరియే. నీలి చక్రము దూరమునకు కనిపించినట్లు రాట్నము కనిపింపదు. అయినను, ఆ చక్రమును చూచినప్పుడు కదురు ఎక్కడికి పోయెనని ఒక్కసారి తలపని వానికి ఆ జెండా సగమే తెలిసినట్లు.

ఆగస్టు 14 అర్ధరాత్రమున రాజ్యాంగ పరిషత్తులో హంసా మెహతా గారు భారత స్త్రీల పక్షమున జాతీయ పతాకమును సమర్పించిరి. ఎఱ్ఱకోటపై నెహ్రూ గారు ఆ జెండా ఎగురవేసినది ఆగస్టు 15న కాదు, 16న. మద్రాసు సెయింట్ జార్జి కోటపై 15వ తేదీ ఉదయమున ఎగిరిన పట్టు పతాకము అచ్చటి కోట మ్యూజియములో భద్రపరుపబడినది. నాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే గనుక, అది మన జెండా కూడ. 1947 నవంబరు 21న స్వతంత్ర భారతము వెలువరించిన మూడున్నర అణాల తపాలా బిళ్లపై నున్న బొమ్మయు ఈ పతాకమే.

ఇక పింగళి వెంకయ్య గారి విషయము. నేటి జెండాను వారే గీచిరనుట పొసగదు. కాషాయ వర్ణము, వరుస, అర్థము 1931లో వచ్చినవి. చక్రము 1947లో వచ్చినది. చక్రపు రూపము విషయమున త్యాబ్జీ దంపతుల పేర్లు కూడ వినవచ్చుచున్నవి. అట్లని వారి పాలు తగ్గించుటయు తగదు. జెండా యొకటి కావలెనని పెద్దలకు తోచని కాలమున సంవత్సరముల తరబడి ఒక్కడుగా అడుగుచు తిరిగినవాడు వెంకయ్య గారు. బెజవాడలో ఆ మూడు గంటలలో గీచిన రూపము నుండియే తక్కినవన్నియు పుట్టినవి. వారు 1963 జూలై 4న కన్నుమూసిరి. తపాలా శాఖ వారి స్మారక బిళ్లను వెలువరించినది 2009లో.

1947 తరువాత రూపము మారలేదు. కాని రూపము స్థిరముగా నుండుటకు కొలతలు కావలెను. లేనిచో ఒక్కొక్క ఊరి దర్జీ ఒక్కొక్క కాషాయమును, ఒక్కొక్క చక్రమును తయారుచేయును. భారత ప్రమాణముల సంస్థ ఇచ్చిన ప్రమాణ పత్రములలో ఒకటవ సంఖ్య గలది జాతీయ పతాకమునకు సంబంధించినదే, 1951లో వెలువడినది. 1964లో దానిని మెట్రిక్ కొలతలకు మార్చిరి. పొడవు వెడల్పులు మూడింటికి రెండు పాళ్లు. పరిమాణములు తొమ్మిది: అన్నిటికంటె పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు, చిన్నది 150కి 100. పెద్ద జెండాలో తెల్ల పట్టె 1400 మిల్లీమీటర్లుండగా చక్రపు వ్యాసము 1295. అనగా చక్రము పట్టె అంచులను తాకదు. పైనను, క్రిందను కొంచెము తెలుపు విడుచును. ఇంట కాగితముపై బొమ్మ గీయు పిల్లలు తరచుగా ఇచ్చటనే పొరపడుదురు.

నియమములు మాత్రము ఇటీవల చాల సడలినవి. సామాన్య పౌరుడు కొన్ని ఉత్సవ దినములలో తప్ప జెండా ఎగురవేయరాదను పాత కట్టడి 2002 జనవరి 26 నుండి అమలైన పతాక నియమావళితో పోయినది. 2021 డిసెంబరులో యంత్రముపై నేసినవి, పాలియెస్టరు వస్త్రమువి కూడ అనుమతింపబడినవి. ఎవరి యింటిపైనైన రాత్రింబవళ్లు ఎగురవచ్చునని 2022 జూలైలో మార్పు వచ్చెను. రాట్నము బొమ్మ 1947లో పోయినది. రాట్నపు నూలు తప్పనిసరి యను నియమము 2021లో పోయినది. ధర తగ్గి జెండా అందరికిని అందుట మంచిదే. ఖాదీ నేయు చేతుల వైపు నుండి చూచినవారు దీనిని మరియొక విధముగా చెప్పుదురు. వారి మాట కూడ వినదగినది.

ఇంటిపై జెండా కట్టదలచిన వారికి రెండు మాటలు. గోడపై అడ్డముగా పరచినప్పుడు కాషాయము పైన నుండవలెను. నిలువుగా వ్రేలాడదీసినప్పుడు జెండాకు కుడివైపున, అనగా ఎదుట నిలిచి చూచువారికి ఎడమవైపున, కాషాయముండవలెను. చిరిగినది, వెలిసినది ఎగురవేయరాదు. పాతబడిన దానిని చెత్తలో పారవేయక, ఏకాంతమున, గౌరవముగా, కాల్చివేయుట మేలని నియమావళి చెప్పుచున్నది.